సెన్సార్ మార్చినా ఏబీఎస్ లైటు ఆరడం లేదా?

ప్రశ్న: కారులో ఏబీఎస్ లైటు వెలిగితే స్కానర్‌లో ముందు ఎడమ చక్రం సెన్సార్ కోడ్ సీ0035 వచ్చింది. కొత్త సెన్సార్ వేయించినా గతుకుల రోడ్డు మీద లైటు మళ్లీ వస్తోంది. ఇక ఏబీఎస్ మాడ్యూల్ మార్చాల్సిందేనా?

జవాబు: తొందరపడకండి. ఆ కోడ్ సెన్సార్ చెడిందని చెప్పదు, దాని సర్క్యూట్‌లో తేడా ఉందని చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సార్‌తో పాటు కనెక్టర్లు, మాడ్యూల్ దాకా వెళ్లే రెండు వైర్లు కూడా. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా, సస్పెన్షన్ ఊగినప్పుడల్లా చక్రం దగ్గరి వైరు వంగుతుంది. పైతొడుగు బాగానే కనిపిస్తున్నా లోపల రాగి పోగులు తెగిపోతాయి. గతుకుల్లోనే లైటు రావడం మొదట అటే వేలు చూపుతోంది.

‘వైరును మీటర్‌తో చూశాం, బాగానే ఉంది’ అని మెకానిక్ అనవచ్చు. బండి నిలబడి ఉన్నప్పుడు మిగిలిన ఒక్క పోగు కూడా మీటర్‌కు చాలు. అందుకే ఇగ్నిషన్ ఆపి, రెండువైపులా కనెక్టర్లు విప్పి, మీటర్ తగిలించే ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ వైరును కదిలించి చూడమనండి. రీడింగ్ ఎగిరిపడితే దొంగ దొరికినట్టే. పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడాలి. మాడ్యూల్ లోపలి సోల్డర్ పగిలినా కుదుపులకు ఇలాగే జరగవచ్చు, నిజమే; కానీ వైర్లు నిర్దోషులని తేలాకే దాన్ని అనుమానించాలి, ఎందుకంటే అసలు ఖర్చు అక్కడే. లోపం సరిచేసే వరకు మామూలు బ్రేకులు పనిచేస్తాయి గానీ, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు. ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే బండి తీయవద్దు.