తెగిన తీగను అతకవచ్చునా?

షార్జాలోని రోలాకు ఆ పేరు ఒక మర్రిచెట్టు వలన వచ్చింది. 1978లో ఆ చెట్టు కూలిపోయింది. పేరు మాత్రం నిలిచింది. ఆ చుట్టుపట్ల కాపురముండే తెలుగువారి ఇళ్ళలో ఊరినుంచి మోసుకువచ్చిన మిక్సీయో, గ్రైండరో, ఇస్త్రీపెట్టెయో ఉండడం కద్దు. వాటి తీగ తెగితే చాలామంది చేసే పని ఒక్కటే: రెండు కొసలనూ మెలివేసి, పైన నల్లటి టేపు చుట్టడం. పరికరం మళ్ళీ పనిచేస్తుంది. పనిచేసింది కనుక బాగయిందని అనుకోవడంలోనే చిక్కు ఉన్నది.

తీగ లోపల వెంట్రుకల వంటి సన్నని రాగి పోగులు అనేకం ఉంటాయి. పదేపదే వంచిన రాగి క్రమంగా గట్టిపడి, పెళుసెక్కి, చిట్లుతుంది. ఇస్త్రీపెట్టె మెడ దగ్గర, ప్లగ్గు మొదట్లో ఆ వంపు ఎక్కువ. అందుకే తీగలు సాధారణంగా అక్కడే తెగుతాయి. పోగులన్నీ ఒక్కసారిగా తెగవు. కొన్ని తెగగా మిగిలిన వాటిమీదనే భారమంతా పడుతుంది, ఆ చోట తీగ వేడెక్కుతుంది.

మెలివేసిన అతుకులోనూ జరిగేది ఇదే. పోగులు ఒకదానికొకటి అక్కడక్కడ మాత్రమే తగులుతాయి. కాలక్రమాన రాగిమీద ఆక్సైడు పొర ఏర్పడి నిరోధం ఇంకా పెరుగుతుంది. అతుకువద్ద నిరోధం అర ఓమ్ అనుకుందాం. 230 వోల్టులమీద 1000 వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 4.3 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో హెచ్చవేస్తే ఆ అతుకులో పుట్టే వేడి 9 వాట్లకు పైమాటే. అదే అతుకు 2200 వాట్ల కెటిల్ తీగలో ఉంటే దాదాపు 45 వాట్లు! సీసం, తగరం కలిసిన టంకాన్ని కరిగించే చిన్న సాల్డరింగు కడ్డీకి 25 వాట్లే చాలును. అంత వేడి టేపు క్రింద, పరదా ప్రక్కన దాగి ఉంటుందన్నమాట.

ఫ్యూజు కాపాడదా? కాపాడదు. ఫ్యూజు చూసేది ప్రవాహం పరిమితి మించిందా అని మాత్రమే. చెడ్డ అతుకు ప్రవాహాన్ని పెంచదు, కొద్దిగా తగ్గిస్తుంది కూడా. ప్రవాహం నేలలోకి కారినప్పుడు తెగే రక్షకపు స్విచ్చికి సైతం ఈ లోపం కనబడదు.

కనుక అతకడం కాదు, కత్తిరించడం సరియైన మార్గం. ముందుగా ప్లగ్గును గోడనుంచి ఊడదీసి, దానిలోని ఫ్యూజును పరీక్షించాలి. మిక్సీ అయితే అడుగున ఉండే ఎర్ర బొత్తామును నొక్కి చూడాలి; బరువెక్కువై ఆగిన మిక్సీ చాలాసార్లు దానితోనే కదులుతుంది. అప్పటికీ ఫలితం లేకపోతే మూత విప్పి, రెండు బ్యాటరీలు, ఒక టార్చి బల్బు వరుసగా కలిపి, ప్లగ్గు పిన్నునుంచి లోపలి మరవరకు ఒక్కొక్క తీగనూ పరీక్షించవచ్చును. తీగను వంచుతూ పోతే బల్బు మినుకుమన్న చోటనే తెగుదల ఉన్నది. (మైక్రోవేవ్ ఓవెన్‌ను మాత్రం ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని కెపాసిటరులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును.) తెగుదల ప్లగ్గు దగ్గరైతే రెండు మూడు అంగుళాలు అదనంగా కోసివేసి కొత్త ప్లగ్గు వేయాలి. నడిమధ్యన అయితే తీగ మొత్తం మార్చడమే మేలు.

ఇక ప్లగ్గు సంగతి. భారతదేశపు ప్లగ్గు పిన్నులు గుండ్రనివి. ఎమిరేట్స్ గోడలలో ఉన్నవి 1947లో రూపొందిన బ్రిటిష్ ప్రమాణపు పలక పిన్నుల సాకెట్లు. పొడవైన ఎర్తు పిన్ను పై రంధ్రంలో దిగితేనే క్రింది రెండింటి మూతలు తెరచుకుంటాయి. పిల్లల వ్రేళ్ళనుంచి కాపాడడానికి చేసిన ఏర్పాటు ఇది. పై రంధ్రంలో పెన్ను గుచ్చి, రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గును దూర్చే అలవాటు గల్ఫులో అందరికీ తెలిసినదే. దానివలన ఆ రక్షణ పోతుంది, ఎర్తూ ఉండదు, ప్లగ్గులో ఫ్యూజూ ఉండదు. గోడలోని బ్రేకరు సాధారణంగా 20 లేక 32 ఆంపియర్లవరకు ఊరకుంటుంది. సన్నని తీగ అంతకు చాలా ముందే కాలుతుంది.

పలక పిన్నుల ప్లగ్గు వేసేటప్పుడు గోధుమరంగు తీగను ఫ్యూజు ఉన్న మరకు, నీలాన్ని ఎడమ మరకు, ఆకుపచ్చ–పసుపు చారలదానిని పై మరకు బిగించాలి. పాత భారతీయ పరికరాలలో ఇవి వరుసగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఎర్తు తీగను కొంచెం పొడవుగా వదలాలి. ఎవరైనా తీగను లాగితే అది చివర ఊడుతుంది. బిగింపు పట్టీ లోపలి పోగులను కాక పైతొడుగును పట్టుకోవాలి. మరకు చుట్టే కొసకు టంకం పూయరాదు. ఒత్తిడికి టంకం మెల్లగా నలిగి పట్టు సడలుతుంది, మళ్ళీ కథ మొదటికి వస్తుంది. 700 వాట్ల లోపు పరికరానికి 3 ఆంపియర్ల ఫ్యూజు, ఆపైన 13. మోటారున్న వాటికి తయారీదారు సూచించినది.

కోసివేసిన పాత ప్లగ్గును బల్లమీద వదలకూడదు. దానికి నాలుగంగుళాల తీగ తోకలాగా వ్రేలాడుతూ ఉంటుంది. పసివాడు దానిని గోడలో గుచ్చితే ఆ బోడి కొసలు వాడి చేతిలోనే ఉంటాయి. పట్టకారుతో పిన్నులు వంచి, అప్పటికప్పుడే పారవేయాలి.