"వెళ్ళొస్తా" అనని సర్వర్

గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే మా అమ్మమ్మ ఊరుకోదు. "వెళ్ళొస్తా అనాలి" అంటుంది. ఆ మాట ఎందుకో ఈ సెమిస్టర్ నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నాకు నేర్పింది.

ల్యాబ్ కోసం సీ లో చిన్న టీఎల్‌ఎస్ 1.2 సర్వర్ రాశాను. క్లయింట్ మొదటిసారి వచ్చినప్పుడు పెద్ద తతంగమే ఉంటుంది. సర్టిఫికెట్ చూపించాలి, రహస్య కీ కుదుర్చుకోవాలి. రెండు రౌండ్ ట్రిప్పులు పడతాయి. అలా కుదిరిన ఒప్పందమే సెషన్. సర్వర్ దాన్ని క్యాష్‌లో దాచుకుంటే (డబ్బు కాదండోయ్!), అదే క్లయింట్ మళ్ళీ వచ్చి సెషన్ ఐడీ చూపిస్తే ఒక్క ట్రిప్పులో పనైపోతుంది.

సర్వర్ వైపు ఈ క్యాష్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. టికెట్లు కూడా ఆన్‌లోనే ఉంటాయి. టికెట్ అంటే సెషన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి క్లయింట్ చేతికే ఇచ్చేయడం. నాకు క్యాష్ సంగతి తేలాలి కాబట్టి ఎస్‌ఎస్‌ఎల్_ఓపీ_నో_టికెట్ పెట్టి టికెట్లు ఆపేశాను. తర్వాత ఎస్_క్లయింట్‌ని రీకనెక్ట్ ఆప్షన్‌తో నడిపాను. అది ఒకే సెషన్ ఐడీతో ఐదుసార్లు మళ్ళీ కనెక్ట్ అవుతుంది. "రీయూజ్డ్" అని రావాలి. నాకు అన్నిసార్లూ "న్యూ" అనే వచ్చింది.

రెండు రాత్రులు పోయాయి. పొద్దున్నే రివ్యూ. తప్పు ఎక్కడంటే, డేటా చదవడం అవ్వగానే నేరుగా ఎస్‌ఎస్‌ఎల్_ఫ్రీ పిలిచేస్తున్నా. మధ్యలో ఉండాల్సిన ఎస్‌ఎస్‌ఎల్_షట్‌డౌన్ లేదు. అది పంపే "క్లోజ్ నోటిఫై" అనే మెసేజే మన "వెళ్ళొస్తా". అది లేకపోతే మాట పూర్తయి ఆగిందో, ఎవరైనా మధ్యలో తెంచారో అవతలివాళ్ళకి తెలియదు. అందుకే పాత టీఎల్‌ఎస్ 1.0 నియమం ప్రకారం అలాంటి సెషన్‌ని మళ్ళీ వాడకూడదు. టీఎల్‌ఎస్ 1.1లో ఆ నియమం సడలించారు గానీ, మన వైపు నుంచి షట్‌డౌన్ పంపకుండా ఫ్రీ చేస్తే లైబ్రరీ ఇప్పటికీ సెషన్‌ని క్యాష్‌లోంచి తీసేస్తుంది. ఆ ఒక్క లైన్ పెట్టగానే "రీయూజ్డ్" వచ్చింది.

గుర్తుపెట్టుకోవడం ఎంత ముఖ్యమో మర్చిపోవడమూ అంతే ముఖ్యం. క్యాష్‌లో డిఫాల్ట్‌గా 20480 సెషన్లు పడతాయి. సైజు 0 అని పెడితే "వద్దు" అని కాదు, "హద్దు లేదు" అని అర్థం. గడువు తీరినవాటిని లైబ్రరీ 255 కనెక్షన్లకోసారి ఊడ్చేస్తుంది. ఆ గడువు మరీ పెంచకండి. ప్రతి సెషన్‌లో మాస్టర్ సీక్రెట్ ఉంటుంది. అది దొంగ చేతిలో పడితే, అంతకుముందు రికార్డు చేసుకున్న మన సంభాషణ కూడా చదివేయగలడు. ఇంకో మాట, ఈ క్యాష్ ఏ ప్రాసెస్‌ది ఆ ప్రాసెస్‌కే. ఫోర్క్ చేసే సర్వర్ అయితే బయట ఉమ్మడి క్యాష్ కట్టుకుని కాల్‌బ్యాక్‌లతో కలపాలి.

మీకూ "న్యూ, న్యూ" అని వస్తుంటే ముందు షట్‌డౌన్ ఉందో లేదో చూసుకోండి. ఇదంతా అమ్మమ్మకి ఫోన్‌లో చెప్తే, "నేను ఎప్పటినుంచో చెప్తున్నదేగా" అంది.