అల్పవ్యయంతో హామ్ రేడియో

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తింది. టెలిఫోన్లు మూగబోయాయి. ఆ విపత్సమయంలో పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీమతి భారతి ప్రసాద్ స్వరం రేడియో తరంగాలపై ప్రధాన భూభాగానికి చేరింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నిర్వహించిన యాత్రలో భాగంగా ఆమె అప్పటికే అక్కడ ఉన్నారు. ఆప్తుల క్షేమవార్తకై తల్లడిల్లిన కుటుంబాలకు ఆ రేడియోయే ఆధారమైంది.

ధనాపేక్ష లేక, కేవలం ఆసక్తితో రేడియోలో సంభాషించేవారిని ‘హామ్‌’లంటారు. ఇది సంపన్నుల వినోదమని కొందరి అపోహ. నిజానికి ఈ విద్యకు తొలి పెట్టుబడి ధనం కాదు, శ్రవణం. షార్ట్‌వేవ్ రేడియో పాతదైనా చాలు. అయితే హాములు ఎక్కువగా సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాట్లాడతారు. ఆ సౌకర్యం లేని రేడియోలో వారి మాటలు బాతు అరుపుల్లా వినిపిస్తాయి. కనుక కొనేముందు ఈ విషయం పరిశీలించాలి.

రెండవ సాధనం యాంటెన్నా. 7 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 40 మీటర్లు. అందులో సగం, అంటే 20 మీటర్ల రాగితీగను రెండు సమభాగాలు చేసి, ఆ రెండింటి నడుమ నుంచి కేబుల్‌ను రేడియోకు కలపాలి. తీగను విద్యుత్తు తీగలకు దూరంగా, రెండు చెట్ల మధ్య ఎత్తుగా కట్టాలి. యాంటెన్నా సరిలేకుంటే ఖరీదైన యంత్రం కూడా వ్యర్థమే.

ఇక ప్రసారయంత్రం. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ ‘బిట్‌ఎక్స్’ అనే యంత్రాన్ని రూపొందించి, దాని నిర్మాణవిధానాన్ని అందరికీ ఉచితంగా అందించారు. తీగచుట్టలకు కావలసిన ప్రత్యేక వలయాలు దొరకనిచోట ఆయన కుళాయి వాషర్లను వాడారు! సుమారు 6 వాట్ల ఆ చిన్న యంత్రంతో అనుకూల సమయాల్లో ఖండాంతరాలకు మాట్లాడవచ్చు. లేమి ఆయన యోచనకు అడ్డు కాలేదు, పదును పెట్టింది.

ఒక్క నియమం మరువరాదు. ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతిపత్రం పొందిన తరువాతే ప్రసారం చేయాలి. అంతవరకు వినండి, తీగ కట్టండి, మోర్స్ సంకేతాలు అభ్యసించండి. ఆపద చెప్పి రాదు. అది వచ్చిన నాడు అక్కరకు వచ్చేది యంత్రం వెల కాదు, దానిని నడిపే చేతి నేర్పు.

అర్థాలు
అపోహ = పొరపాటు భావన
శ్రవణం = వినడం
లేమి = పేదరికం, కొరత

ప్రశ్నలు
1. హామ్ విద్యకు తొలి పెట్టుబడి శ్రవణమని రచయిత ఎందుకన్నారు?
2. ‘లేమి యోచనకు పదును పెట్టింది’ – ఈ వాక్యాన్ని సోదాహరణంగా వివరించండి.