ట్రాక్టరు ఎందుకు తడబడింది?

కాలువకు నీరొచ్చింది. ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీరు దివిసీమ శివారు పొలాలకు చివరగా అందుతుంది. అందినప్పుడే దమ్ము చేసుకోవాలి.

నాగాయలంక దగ్గర ఒక రైతుకు పాత ట్రాక్టరు ఉంది. సరిగ్గా దమ్ము వేళకే అది మొరాయించింది. లాగుడు తగ్గింది. ఎక్సలేటరు తగ్గిస్తే ఇంజను తడబడుతోంది. ఒకసారి వేగం పెరుగుతుంది. ఒకసారి తగ్గుతుంది. చివరకు ఆగిపోతుంది.

"పంపు పోయింది. వేలల్లో ఖర్చు" అన్నారు చూసినవాళ్లు. అప్పు ఎక్కడ పుడుతుందా అని రైతు దిగులు పడ్డాడు.

మెకానిక్ వచ్చాడు. పంపు జోలికి పోలేదు.

"బాబాయ్, డీజిల్ ఎందులో తెచ్చావు?"

"క్యానులో, అబ్బాయ్. మూత సరిగా లేదు. దారిలో వాన పడింది."

మెకానిక్ ఫిల్టరు అడుగు బిరడా విప్పాడు. ముందు నీళ్లు వచ్చాయి. తర్వాత డీజిల్ వచ్చింది. నీరు డీజిల్ కన్నా బరువు. అందుకే అడుగున చేరుతుంది.

తర్వాత పైపు చూశాడు. ఒక వాషరు అరిగిపోయింది. అక్కడినుంచి గాలి లోపలికి పోతోంది. వాషరు మార్చాడు. ఫిల్టరూ మార్చాడు.

"బోరింగు గాలి పీలిస్తే నీళ్లు ఆగి ఆగి వస్తాయి గదా! ఇదీ అంతే. డీజిల్ సమంగా అందకపోతే ఇంజను తడబడుతుంది" అన్నాడు.

ఇక గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ కొంచెం వదులు చేశాడు. చేతి పంపు కొట్టాడు. బుడగలతో డీజిల్ వచ్చింది. బుడగలు ఆగేదాకా కొట్టి, స్క్రూ బిగించాడు.

ఇంజను స్టార్టయింది. ఒకే తీరున ఆడింది. మధ్యాహ్నానికి ట్రాక్టరు చేలో దిగింది.

గుర్తుంచుకోండి

1. డీజిల్‌ను మూత ఉన్న శుభ్రమైన క్యానులో తెచ్చుకోండి. వడగట్టి పోయండి.
2. సాయంత్రం ట్యాంకు నింపి ఉంచండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ నీరవుతుంది.
3. ట్యాంకు మూతకున్న చిన్న బెజ్జం మూసుకుపోకుండా చూడండి.
4. తడబాటు కనపడగానే వేగం స్క్రూ తిప్పకండి. జబ్బు పోదు, దాగుతుంది.
5. ఇంజను ఆపి, చల్లారాకే పని మొదలుపెట్టండి. దగ్గర బీడీ కాల్చకండి.
6. నాజిల్ పైపు కారుతుంటే వేలు పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
7. తలుపులు మూసిన పాకలో ఇంజను ఆడించకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ చూసినా తడబాటు పోకపోతే నాజిల్లో, పంపులో లోపం ఉండవచ్చు. అది తెలిసినవాళ్ల చేతే విప్పించాలి.

చెప్పండి

1. ఫిల్టరు అడుగున నీరు ఎందుకు చేరింది?
2. రైతుకు పంపు ఖర్చు ఎలా తప్పింది?
3. మీ ఊళ్లో డీజిల్ ఎందులో తెచ్చుకుంటారు?