స్టార్లు లేని నెలలే కీలకం

ప్రశ్న: సిడ్నీలో ఉంటాను, రాండ్విక్ రగ్బీ క్లబ్ అభిమానిని. సూపర్ రగ్బీ జట్టు వారాటాస్‌కు ఆడే మావాళ్లు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు రారో తెలియదు. టైటిల్‌పై ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోండి, కానీ వాళ్ల పేర్లు చూసి కాదు. సూపర్ రగ్బీ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సాగుతుంది. మీ క్లబ్ ఆడే షూట్ షీల్డ్ పోటీ ఏప్రిల్ ప్రాంతంలో మొదలై ఆగస్టు చివరిదాకా నడుస్తుంది. కాబట్టి తొలి నెలల్లో, వారాటాస్ మ్యాచ్‌కు ఎంచుకునే 23 మందిలో చోటు దక్కనివాళ్లే ఎక్కువగా క్లబ్‌కు దొరుకుతారు. జూన్ తర్వాత మిగతావాళ్లు వచ్చినా, జాతీయ జట్టు వాలబీస్ పిలిస్తే మళ్లీ వెళ్లిపోతారు.

వింగర్ వచ్చిన వారమే కుదురుకుంటాడు. హుకర్, ఫ్లై హాఫ్ అలా కాదు. లైనవుట్ సంకేతాలు, పాస్‌ల లయ కలిసి సాధన చేస్తేనే అబ్బుతాయి. అందుకే ఈ రెండు స్థానాల్లో ఏడాదంతా ఉండే క్లబ్ ఆటగాళ్లెవరో ముందు చూడండి. అవసరమైతే వాళ్ల స్థానంలో దిగేవాళ్లెవరో తెలియాలంటే, మే నెలలో క్లబ్ రెండో జట్టు ఆడే సెకండ్ గ్రేడ్ మ్యాచ్‌లకు కూడా తప్పక వెళ్లండి.