పాత బోటు పనిలోకి పిల్లల్ని దింపే ముందు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే మన తూర్పు తీరమంతా ఇంజిన్ బోట్లు ఒడ్డెక్కుతాయి. జూన్ 14 దాకా, 61 రోజులు. ఇంచుమించు అవే రోజుల్లో బడులకు వేసవి సెలవులు. మిగతా ఏడాదంతా పిల్లవాడు నిద్ర లేచేసరికి నాన్న సముద్రం మీద ఉంటాడు. నాన్న వచ్చి ఒళ్లు వాల్చేసరికి వాడు బడిలో ఉంటాడు. ఇద్దరూ పగటిపూట తీరిగ్గా ఒకచోట ఉండేది ఈ రెండు నెలలే. అందుకే, "మాస్టారూ, వీడు ఫోను వదలట్లేదు. ఒడ్డున మా పాత ఫైబర్ బోటు పడుంది, బాగుచేసుకుందాం అనుకుంటున్నాం. వీణ్ణి కూడా పనిలోకి దింపమంటారా?" అని తండ్రులు అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది. పక్కనున్న తల్లి మొహంలో మాత్రం వేరే ప్రశ్న కనబడుతుంది. ఈ పని రుచి మరిగి వీడు చదువు మానేస్తేనో?

ఇద్దరి ఆలోచనా బిడ్డ మేలు కోసమే. దింపండి అనే అంటాను. అయితే ముందు కొన్ని సంగతులు మనం కూర్చుని మాట్లాడుకోవాలి.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత మన తీరంలో ఎన్నో ఊళ్లకు ఫైబర్ బోట్లు వచ్చాయి. ఇప్పుడు ఇసుకలో పడి ఉన్న వాటిలో చాలా బోట్లు మన పిల్లల కంటే వయసులో పెద్దవి. అన్నీ బాగుపడవు. ఇంజిన్ బిగించే వెనక పలకలో చెక్క చివికిపోయినా, అడుగుభాగం మెత్తబడినా ఖర్చు చేతికి అందదు. కాబట్టి పిల్లవాడికి ఆశ పెట్టకముందే ఫైబర్ పని తెలిసిన మేస్త్రీకి బోటు చూపించండి. నెల రోజులు ఒళ్లు వంచి పనిచేశాక "ఇది పనికిరాదురా" అని వినడం పెద్దవాళ్లకే కష్టం.

బాగుపడుతుందని మేస్త్రీ చెబితే, మొదటి పని పిల్లవాడికే ఇవ్వండి. మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, బాగా ఆరాక, చిన్న సుత్తి పిడితోనో రూపాయి బిళ్లతోనో బోటు ఒంటినిండా తట్టించండి. గట్టిగా ఉన్నచోట ఖణేలుమంటుంది. లోపల పొరలు విడిపోయినచోట బొదబొదమని బొంగురుగా పలుకుతుంది. పిల్లల చెవులు పదునైనవి. తేడా పట్టుకున్నచోటల్లా సుద్దతో గీత గీయమనండి. తర్వాత మేస్త్రీ వచ్చి అవే గీతల మీద మళ్లీ తట్టి "సరిగ్గానే కనిపెట్టావు" అన్నాడంటే, ఆ పిల్లవాడికి ఏ బహుమతీ అక్కర్లేదు. పెద్దలు తన మాట విని దాన్నిబట్టి పని మొదలుపెట్టడం వాడి బతుకులో అదే మొదటిసారి కావచ్చు. ఇంట్లో మనం వాళ్లకు పనులు చెబుతాం, వాళ్ల అభిప్రాయం అడగం. వాళ్లు ఎదురు చూసేది ఆ అడగడం కోసమే.

లెక్కలు కూడా వాళ్లకే వదలండి. చిరుగు చుట్టూ గట్టి భాగం దాకా ఎంత దూరం ఏటవాలుగా గీకాలి, గాజునార మ్యాట్ ఎన్ని పొరలు, ఏ పొర ఎంత వెడల్పు, కిలో రెసిన్‌కు హార్డనర్ రెండు శాతమైతే ఎన్ని గ్రాములు, ఎండ మండిపోతున్న రోజు త్వరగా గట్టిపడకుండా దాన్ని ఎంత తగ్గించాలి? బడిలో శాతాలంటే మొహం చిట్లించే పిల్లవాడు ఇక్కడ తనంతట తానే వేళ్లు మడుస్తాడు. చదువు పాడవుతుందని దిగులుపడే తల్లులకు ఈ ఒక్క దృశ్యం చూడమని చెబుతాను.

ఇక కఠినమైన మాట. లెక్క వేసేది పిల్లవాడైనా, కలిపేది పెద్దవాళ్లే. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. హార్డనర్, రెసిన్‌లో వేసే కోబాల్ట్ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి. గ్రైండర్ పెట్టినప్పుడు లేచేది గాజు ధూళి. తువ్వాలు కట్టుకుంటే అది ఆగదు, రెసిన్ ఘాటు అసలే ఆగదు. ఆ పనులప్పుడు పిల్లలు గాలివాలుకు ఎదురుదిక్కున, దూరంగా ఉండాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలు సెలవుల్లో ఇంటిపనికి సాయపడవచ్చని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం అనుమతిస్తుంది, ప్రమాదకరమైన పనికి మాత్రం కాదు. "మా రోజుల్లో మేం చేయలేదా" అని మనకు అనిపిస్తుంది, నిజమే. ఆ రోజుల్లో దగ్గుతో మంచం పట్టినవాళ్లను కూడా మనం ఎరుగుదుం. కడగడం, ఎండిన అతుకును నీళ్లతో తడుపుతూ ఎమరీ పేపరుతో రుద్దడం, రంగు ఎంచడం, పక్కన పేరూ నంబరూ దిద్దడం, ఇవి చాలు. ఆడపిల్లలు బోటు ముట్టకూడదని కొన్ని ఇళ్లలో అంటారు. నాన్న పక్కన కూర్చోవాలన్న ఆశ ఆ పిల్లకూ ఉంటుంది. ఆ ఆశను పోనివ్వకండి.

నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే సంగతి వేరే ఉంది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లలకు సముద్రమంటే భయం ఉండదని మనం అనుకుంటాం. గాలి మారిన రాత్రి అమ్మ మాటిమాటికీ గుమ్మంలోకి రావడం వాళ్లు చూస్తారు. నాన్న ఫోను కలవకపోతే పెద్దవాళ్ల గొంతు ఎలా మారుతుందో వింటారు. ఏమీ అడగరు. వేట మళ్లీ మొదలయ్యే రోజుల్లో కడుపునొప్పి అంటూ బల్ల మీద తల వాల్చే పిల్లలను బడిలో చూశాను. అలాంటి పిల్లవాడు బోటు అడుగున అతుకులో చెయ్యి పెట్టాడంటే, ఆ గర్వం వెనకే ఒక ఆలోచన కూడా నాటుకుంటుంది: ఇది నేను వేసిన అతుకు, నడిసముద్రంలో ఊడితే నాన్న ఏమైపోతాడు?

ఆ మాట వాడు మనతో అనడు. మనమే ముందు అనాలి. "నీటికి కింద ఉండే ప్రతి అతుకూ నాదీ, మేస్త్రీదీ. నువ్వు సాయం చేశావు. అది నిలుస్తుందో లేదో చూసుకునే పూచీ మాది" అని స్పష్టంగా చెప్పండి. చెప్పి ఊరుకోకుండా చూపించండి. వేటకు వెళ్లకముందే బోటును తాడు కట్టి లోతులేని ఏటిలోకి దించి, పూట గడిచాక లోపల ఎక్కడైనా చెమ్మ ఉందేమో వాడి చేత్తోనే తడిమి చూడమనండి. ఎక్కడైనా చెమ్మ తగిలితే వాణ్ణి ఏమీ అనకుండా బోటు ఒడ్డుకు తెచ్చి సరిచేయండి.

ఇంకో బరువు మనం తెలియకుండానే మోపుతాం. ఎండలో చెమటోడుస్తూ, "చూశావా, చదవకపోతే నీ గతీ ఇంతే" అంటాం. వాడు బాగుపడాలనే అంటాం. కానీ వాడికి వినిపించేది, నాన్న తన పనిని తానే చిన్నచూపు చూస్తున్నాడని. రోజంతా నాన్న చేతులనే గమనిస్తున్న పిల్లవాడికి అది లోతుగా తగులుతుంది. దీనికి ఎదురు, "రేపు ఈ బోటు నీదేరా" అనే మాట కూడా బరువే. పదకొండేళ్లవాడికి రేపటి గురించి ఏం తెలుసు? ఈ వేసవికి బోటు బోటుగానే ఉండనివ్వండి. వాడు ఏమవుతాడన్నది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

వారం తిరిగేసరికి ఆసక్తి సన్నగిల్లవచ్చు. ఎమరీ పేపరు పట్టుకుని అరగంట రుద్ది క్రికెట్‌కు పారిపోతాడు. పోనివ్వండి. వాడు వదిలిన పని మీరు పూర్తి చేసేయకుండా అలాగే ఉంచితే సాయంత్రానికి తిరిగొచ్చి చూసుకుంటాడు. రుద్దినచోట వంకర కనబడితే చేతిలోంచి లాక్కోవాలని మనకు చేతులు లాగుతాయి, ముఖ్యంగా వేట లేక డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో, ప్రతి మ్యాట్ ముక్కకూ లెక్క ఉన్నప్పుడు. ఆ చిరాకు పిల్లల మీదకు మళ్లేలా ఉంటే ఆ పూటకు పని ఆపి, ఎందుకు చిరాకుగా ఉందో వాళ్లకు చెప్పేయండి. అప్పుల లెక్కలు చెప్పనక్కర్లేదు. "డబ్బు గురించి ఆలోచిస్తున్నాను, నీ మీద కోపం లేదు" అంటే చాలు. లేకపోతే తప్పంతా తనదే అనుకుంటారు.

బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు, నిషేధం ముగిసేది 14న. అంటే బోటుకు చివరి తొందర ఉన్న రోజుల్లోనే పిల్లవాడు బడికి వెళ్లాలి. పంపండి, ఒక్క రోజు కూడా ఆపకండి. మిగిలిన గట్టి పని మేస్త్రీ చేత చేయించుకోండి. పేరు దిద్దే పని మాత్రం వాడు ఒప్పుకున్నదైతే ఆదివారం దాకా ఆగుతుంది, పేరు లేకపోయినా బోటు తేలుతుంది కదా.