టెలిస్కోప్ కలర్ ఫిల్టర్లు: ఏది కొనాలి, ఏది పగలగొట్టాలి?

ఫోన్‌లో ఫిల్టర్ అంటే ఒక్క ట్యాప్. టెలిస్కోప్‌లో మాత్రం అది ఐపీస్ కింద తిప్పి బిగించే చిన్న రంగు గాజు బిళ్ల. నెల్లూరు దగ్గర మైపాడులో, మా మేడ మీద వాడి చూసి తెలుసుకున్నది ఇక్కడ చెప్తున్నా.

ఎలా పనిచేస్తుంది?

ఫిల్టర్ గ్రహాన్ని పెద్దది చేయదు. కొన్ని రంగుల కాంతిని ఆపేస్తుంది, అంతే. గురుడి మీద గోధుమ పట్టీలు, పెద్ద ఎర్ర మచ్చ నీలం కాంతిని తక్కువగా వెనక్కి పంపుతాయి. అందుకే లేత నీలం 80ఎ పెడితే అవి ముదురుగా, పక్క పట్టీలు తెల్లగా కనిపిస్తాయి. కుజుడికి నారింజ 21 పెట్టండి. ఎర్ర నేల వెలుగ్గానే ఉంటుంది, నల్ల మచ్చలు తేలతాయి. ఈ నంబర్లు రాటెన్ పద్ధతివి. బ్రాండ్ ఏదైనా నంబర్ చూసి కొనండి.

కాంతిని రంగులుగా విడదీసి చూడటం మన కోస్తాకి కొత్తేం కాదు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు.

నేను చేసిన తప్పు

నా మొదటి టెలిస్కోప్ 70 ఎంఎం. దానికి ముదురు ఎరుపు 25 పెట్టాను. అది సుమారు 14 శాతం కాంతినే వదులుతుంది. గురుడు మసకబారిపోయాడు, డబ్బులు దండగ. ఇప్పుడున్న 130 ఎంఎం దానికంటే దాదాపు మూడున్నర రెట్లు కాంతి పడుతుంది. అయినా 25 వాడను. అది 8 అంగుళాలు, ఆపైన టెలిస్కోపులకే.

ఇది మాత్రం సీరియస్

ఆ పాత సెట్‌లో ఐపీస్‌కి బిగించే 'సన్' ఫిల్టర్ కూడా వచ్చింది. మా పిన్ని కొడుకు, ఏడో తరగతి, దాంతో సూర్యుణ్ణి చూద్దామన్నాడు. టెలిస్కోప్ ఎండనంతా పోగేసి సరిగ్గా అక్కడికే పంపుతుంది. ఆ వేడికి గాజు పగిలితే, కన్ను తీసేలోపే చూపు పోవచ్చు. వాడి ముందే సుత్తితో పగలగొట్టేశా. సూర్యుడికి ట్యూబ్ ముందు భాగమంతా కప్పే సోలార్ ఫిల్టరే వాడాలి.

సముద్రం పక్కన ఉంటే

గ్రహం నీళ్ల మీదుగా లేవగానే తొందరపడకండి. అక్కడ గాలి పొర మందం, బొమ్మ ఉడికినట్టు కదులుతుంది. మన నెల్లూరు నుంచి గురుడైనా శనైనా నడినెత్తికి వచ్చేటప్పటికి కనీసం 50 డిగ్రీల ఎత్తుకి ఎక్కుతాయి. అప్పటిదాకా ఆగండి. ఫిల్టర్ మీద ఉప్పు తేమ పడితే పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత లెన్స్ క్లీనర్. డబ్బాలో సిలికా జెల్ వేయండి.

నా మాట

సెట్ వద్దు. ముందు 80ఎ ఒక్కటి కొనండి. 2027 ఫిబ్రవరి 19న కుజుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు, ఆలోపు 21 తీసుకోండి. ఫిల్టర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. తేడా కనిపించకపోతే తీసేసే చూడండి, తప్పేం లేదు.